నేను అంతరింపజేసిన మూడు జాతులు

రోజు 1

ఏడుగుట్టల కేంద్రానికి ఉదయం పదిన్నరకు చేరాను. ఊదుడుగదిలో నిలబడి ఒంటిమీది దుమ్మంతా ఊదించుకుని, రెండో తలుపు దాటి లోపలికి అడుగుపెడితే ఎదురుగా గోడమీద నా ఫొటో. పందొమ్మిదేళ్ల కిందటిది. జుట్టు నల్లగా ఉంది, ముఖంలో ఆత్మవిశ్వాసం ఉంది. కింద ‘ఏడు జాతుల పట్టిక రూపకర్త డాక్టర్ మేదిని’ అని రాసి, ఫొటోకు ప్లాస్టిక్ పూలదండ వేశారు. బతికున్నవాళ్ల ఫొటోకు దండ వేయరని ఇక్కడెవరికీ చెప్పినట్టు లేదు.

క్షేత్రానికి వెళ్లిన అధికారి రోజూ దినచర్య రాయాలని వర్గీకరణ శాఖ నియమం. దాన్ని చదివేది యంత్రం. ఉష్ణోగ్రత, పిట్టల సంఖ్య, ‘పురోగతి’ అనే మాట, ఈ మూడూ కనిపిస్తే ఆమోదిస్తుంది. లేకపోతే తిప్పి పంపుతుంది. కాబట్టి: ఇరవై నాలుగు డిగ్రీలు. ఏడువందల ఇరవై రెండు పిట్టలు. పురోగతి బ్రహ్మాండం. మిగతాది ఇక నా ఇష్టం.

కేంద్రాన్ని చూసుకునే ఆవిడ పేరు కనకవ్వ. అరవై దాటి ఉంటుంది. నన్నూ ఫొటోనూ మార్చి మార్చి చూసింది.

“మీరేనా మేడం?”

“నేనే.”

“ఫొటోల జర పొడుగున్నరు” అంది, నా పెట్టె అందుకుంటూ.

వరసగా ఏడు గాజుకొట్టాలు. కొట్టానికో హమ్మింగ్‌బర్డ్ జాతి. కొట్టాల వెనక పొడవాటి గాజుశాల, దాని నిండా గొట్టంతీగ. ఆ తీగ పువ్వు వేలంత పొడవు, కొడవలిలా వంపు. తేనెటీగలు నేను పుట్టకముందే పోయాయి, ఉన్నా ఆ పువ్వులో వాటికి పని లేదు. ఆ వంపులోకి దూరేది ఈ పిట్ట ముక్కు ఒక్కటే. కుంచెతో ప్రయత్నించారు, పదింట తొమ్మిది పువ్వులు రాలిపోయాయి. పువ్వు కాయ కట్టకపోతే గింజ లేదు, గింజ లేకపోతే తీగమందు లేదు. తీగమందు లేకపోతే దుమ్ముదగ్గు ఉన్నవాళ్లకు ఊపిరి ఆడదు. నగరంలో నలభై దాటిన ప్రతివాళ్లకూ ఆ దగ్గుంది. నాకు పూటకు రెండు చుక్కలు.

నిరుడు గింజ సగానికి పడిపోయింది. ఈ ఏడు ఆ సగంలో సగం. కారణం కనిపెట్టమని నన్ను పంపారు. మా డైరెక్టర్ పరాంకుశం గారు కారణం ముందే కనిపెట్టి మరీ పంపారు. “వర్గీకరణ ఇంకా సూక్ష్మంగా జరగాలి మేదిని గారూ. ఎనిమిదో జాతి ఉండి తీరుతుంది. అది దొరికితే అన్నీ సర్దుకుంటాయి.”

రోజు 2

ఇరవై నాలుగు డిగ్రీలు. ఏడువందల ఇరవై రెండు. పురోగతి ఉంది.

ఈ పిట్టలు సముద్రం అవతలి నుంచి పిండాలుగా, చలిపెట్టెల్లో వచ్చాయి. ఒక్కో గొట్టానికి ఒక్కో చీటీ. దారిలో పెట్టెల్లోకి నీళ్లు పోయి చీటీలన్నీ ముద్దయ్యాయి. పొదిగిస్తే రకరకాల పిట్టలు బయటికొచ్చాయి. ఏది ఏదో తేల్చే పని శాఖలో అందరికంటే చిన్నదాన్నని నాకు అప్పగించారు. జన్యుపరీక్ష యంత్రం అడిగాను. మనుషుల జబ్బులకే చాలడం లేదు, మీ దరఖాస్తు వరసలో ఉంది అన్నారు. ఇప్పటికీ వరసలోనే ఉంది.

దాంతో చచ్చిన పిట్టల తోళ్లు మూడువందల పన్నెండు తెప్పించుకున్నాను. లోపలిదంతా తీసేసి, దూది కుక్కి, నీటుగా పంపారు. ముక్కు కొలిచాను, తోక కొలిచాను, రంగు చూశాను. ఎనిమిది నెలల్లో ఏడు జాతులు తేల్చాను: గాజుకంఠి, నిప్పుటోపి, కత్తెరతోక, బూడిదరొమ్ము, చుక్కలమెడ, తెల్లంచు, సాదాపిట్ట. బతికున్న పిట్టను అప్పటికి ఒక్కదాన్నీ చూడలేదు. పట్టిక ఐదో తరగతిలో పాఠం అయింది, దాని మీద చట్టం కూడా వచ్చింది. ఒక జాతి ఇంకో జాతితో కలవకూడదు. దాని పేరు సంకర నిరోధక చట్టం. పిట్టల మీద చట్టం చేసేటప్పుడు కూడా మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది అదే.

రోజు 4

ఇరవై ఐదు. ఏడువందల ఇరవై ఒకటి, నిప్పుటోపి ఒకటి చనిపోయింది. పురోగతి.

ఇక్కడి పని తెల్లారకముందే మొదలవుతుంది. పిట్టలు చల్లబడి, కొమ్మలకు చచ్చినట్టు వేలాడుతుంటాయి. కనకవ్వ ఒక్కోదాన్ని దోసిట్లో పట్టుకుని నోటి ఆవిరి ఊదుతుంది. కాసేపటికి గుండె అందుకుంటుంది. తర్వాత పానకం కాచాలి, గిన్నెలు కడగాలి, నింపాలి. ఎండ రాగానే కొట్టాలు తెరిచి పిట్టల్ని గాజుశాలలోకి వదలాలి. అదీ ఒక్కో జాతికి గంట, వంతులవారీగా. మొదటి కొట్టం గాజుకంఠులు వెనక్కి వచ్చి తలుపు మూసుకున్నాకే నాలుగో కొట్టం బూడిదరొమ్ములు బయటికి. ప్రతి పిట్ట కాలికీ ఉంగరం, ప్రతి తలుపుకూ పట్టిక తెలుసు. ఉంగరంలో పేరు సరిపోకపోతే తలుపు గాలి ఊది పిట్టను వెనక్కి తోసేస్తుంది.

ఏడో కొట్టం సాదాపిట్టలకు మాత్రం గాలి ఊదినా లెక్కలేదు. అవి ఆరువందల పది. గూటి మీద గూడు, పిల్లల మీద పిల్లలు. కానీ వాటి ముక్కు పొట్టి, గొట్టంతీగకు పనికిరావు. ముక్కు పొడవున్న ఆరు జాతులూ కలిసి నూట పదకొండు. పందొమ్మిదేళ్లలో ఆ ఆరింటిలో ఒక్క పిల్ల పుట్టలేదు. చచ్చినప్పుడల్లా చలిపెట్టె తెరిచి కొత్తవి పొదిగించారు. చివరి పెట్టె నిరుడు ఖాళీ అయింది.

“సాదాపిట్ట ఒక్కటే పిల్లల్ని కంటది మేడం” అంది కనకవ్వ గిన్నె తోముతూ. “ఎందుకంటరు?”

“ఆహారంలో తేడా అయ్యుంటుంది. పరిశోధించాలి.”

“ఔనౌను” అంది. ఆ ‘ఔనౌను’లో నా పదవి ఊడబెరికి చేతిలో పెట్టినట్టు అనిపించింది.

రోజు 5

ఇరవై నాలుగు. ఏడువందల ఇరవై ఒకటి. పురోగతి అమోఘం, ఎనిమిదో జాతి దొరికింది.

సాదాపిట్టల్లో కొన్నింటికి గొంతు కింద పసుపుచార ఉంది. ముక్కు అర మిల్లీమీటరు చిన్నది. ‘పసుపుచార’ అని పేరుపెట్టి మధ్యాహ్నం వివరాలు పంపాను. అరగంటలో ఆమోదం, కొత్త కొట్టానికి మంజూరు. పరాంకుశం గారు స్వయంగా అభినందించారు.

సాయంత్రం కనకవ్వకు చెప్పాను. ఆమె చూసి, “గవి పసిపిల్లలు మేడం. నెలకు పోతది ఆ చార” అంది.

రోజు 8

ఇరవై నాలుగు. ఏడువందల పంతొమ్మిది. పురోగతి.

కనకవ్వ భర్త రాజమల్లును ఇవాళ కలిశాను. పదహారేళ్లు ఈ కొట్టాల గాజు బయటినుంచి తుడిచాడు, దుమ్ములో. ఇప్పుడు గదిలో దిండ్లకు ఆనుకుని కూర్చుంటాడు. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతాడు. పూటకు ఎనిమిది చుక్కలు కావాలి. గింజ తగ్గింది కనుక కేంద్రాలకు సగమే పంపుతున్నారు. అంటే నాలుగు.

“మీ గాజుకంఠులు... పొద్దున్నే గోడ దగ్గరికొస్తయి” అన్నాడు. “అవతల... బూడిదవి వస్తయి. గాజుకు ముక్కులు ఆనిచ్చి... ఊగుతయి. నేను తుడిసేటప్పుడు... రోజూ సూశేది.”

“సరిహద్దు తగాదా కావచ్చు. రెండు జాతులకు అది సహజం” అన్నాను.

రాజమల్లు కనకవ్వ వైపు చూశాడు. కనకవ్వ గోడ వైపు చూసింది. నవ్వడానికి ఆయనకు ఊపిరి చాలదు, ఆమెకు మర్యాద అడ్డం.

తర్వాత ఆమె ప్లాస్టిక్ కవరులో దాచిన కాగితం తెచ్చింది. “ఏడు ఉత్తరాలు రాసిన మేడం. పన్నెండేండ్ల కింద మొదలువెట్టిన. ఒక్కదానికే జవాబొచ్చింది.”

చదివాను. ‘బూడిదరొమ్ము గుడ్లు పెడుతున్నదనీ, గాజుకంఠి పెట్టడం లేదనీ మీరు తెలిపినారు. గుడ్లు పెట్టని పక్షిజాతి ఉండదు కావున మీరు సరిగా పరిశీలించలేదని భావించడమైనది. ఇకపై నిపుణుల పనిలో జోక్యం చేసుకోరాదు.’

కింద నా సంతకం. చక్కగా ఉంది, గుండ్రంగా.

“ఉత్తరం మొత్తం సదివిన్రా అప్పుడు?” అని అడిగింది.

“గుర్తులేదు” అన్నాను.

రోజు 12

రాత్రంతా ఆ ఉత్తరం గురించి ఆలోచించలేదని రాద్దామనుకున్నాను. రాయలేకపోతున్నాను.

ఉదయం మంచుపెట్టెలోంచి చచ్చిన పిట్టల్ని తీయించాను. మొదటి కొట్టానివి తొమ్మిది, నాలుగో కొట్టానివి పదకొండు. కిటికీ దగ్గర బల్ల వేసుకుని, బ్లేడుతో పొట్ట కోసి, భూతద్దంతో చూశాను. గాజుకంఠి లోపల రెండు తెల్లటి నువ్వుగింజలు. మగది. రెండోదీ మగది. మూడోదీ. తొమ్మిదీ మగవే. బూడిదరొమ్ము లోపల గసగసాల్లాంటి చిన్న గుత్తి. ఆడది. పదకొండూ ఆడవే.

రెండు, ఐదు కొట్టాలవి కోశాను. నిప్పుటోపులన్నీ మగవి, చుక్కలమెడలన్నీ ఆడవి. మూడు, ఆరు. కత్తెరతోకలు మగవి, తెల్లంచులు ఆడవి.

అర్థమైంది కదా. చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది, ఐదో తరగతి పాఠం చదవకుండా ఉంటే. మూడు జాతుల మగవాటికి మూడు పేర్లు, ఆడవాటికి మూడు పేర్లు పెట్టాను. వేరు వేరు కొట్టాల్లో పెట్టించాను. కలవకుండా చట్టం చేయించాను. తోళ్లలో లోపలిదంతా తీసి దూది కుక్కి పంపితే, ఆ దూదినే నమ్మాను. సాదాపిట్టల్లో ఆడా మగా ఒకేలా ఉంటాయి, అందుకే వాటిని విడదీయడం నాకు చేతకాలేదు. నా చేతికి చిక్కనిది ఒక్కటే పిల్లల్ని కన్నది.

పందొమ్మిదేళ్లలో పొదిగించిన పిట్టలు పదకొండువందల నలభై. బ్లేడు కడిగి పెట్టెలో పెట్టాను.

ఈ రోజు నమోదును యంత్రం తిప్పి పంపింది. ఉష్ణోగ్రత రాయలేదట. ‘పురోగతి’ లేదట.

రోజు 13

ఇరవై నాలుగు. ఏడువందల పద్దెనిమిది. పురోగతి.

పరాంకుశం గారికి ఫోన్ చేశాను. చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు.

“అంటే మూడు జాతులు లేవంటారు.”

“ఎప్పుడూ లేవు సార్. అవి ఆడవి.”

“మేదిని గారూ, నియమావళి మీకు తెలియనిదా? ఒక జాతి నశించిందని ప్రకటించవచ్చు. ఎప్పుడూ లేదని ప్రకటించడానికి మన దగ్గర ఫారం లేదు.”

“ఫారం తయారు చేయండి.”

“దానికి సంఘం వేయాలి. సంఘానికి మూడేళ్లు. ఈలోగా పసుపుచార కొట్టం పునాది వచ్చే వారమే. మంత్రిగారు వస్తున్నారు.”

“మూడేళ్లకు పిట్టలుండవు సార్.”

“అప్పుడు నశించాయని ప్రకటించవచ్చు” అన్నారు. ఎంతో తేలికపడినట్టు.

రోజు 16

ఇరవై మూడు. ఏడువందల పదహారు. పురోగతి.

కనకవ్వకు చెప్పాను. చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. ఆమె పానకం కాస్తోంది, నేను గుమ్మంలో నిలబడ్డాను.

“అవి పుంజులూ పెట్టలూ, కనకవ్వా. మీరన్నదే నిజం.”

“ఎరుకే గద.”

“ఆ ఉత్తరం చదివాను. అప్పుడు. మొత్తం చదివాను. క్యాంటీన్‌లో భోజనం గంట కొట్టారు. నిమిషంలో జవాబు చెప్పి రాయించి, సంతకం పెట్టి వెళ్లాను. ఆ రోజు పప్పుచారు. అది కూడా గుర్తుంది.”

గరిటె తిప్పడం ఆపలేదు. “పన్నెండేండ్లు” అంది. అంతే.

రాజమల్లు ఈ వారం పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోతున్నాడు. నా వంతు చుక్కల సీసా ఆమె ముందు పెట్టాను. తీసుకుంది. థాంక్స్ చెప్పలేదు. చెప్పి ఉంటే ఎక్కడ దాక్కోవాలో నాకు తెలిసేది కాదు.

రోజు 19

ఇరవై నాలుగు. ఏడువందల పదహారు. ఇవాళ నిజంగానే పురోగతి.

నియమావళిని మొదటినుంచి చివరిదాకా చదివాను, నేనే సగం రాసిన పుస్తకం. పద్నాలుగో నియమం: ఏదైనా ఒక పిట్టను పొరపాటున వేరే జాతిగా గుర్తించి ఉంటే, పట్టిక రూపకర్త ఆ పిట్ట పేరును సరిదిద్దవచ్చు. పిట్టకో ఫారం.

జాతిని కొట్టేసే అధికారం నాకు లేదు. ఒక్కో పిట్టనూ మార్చే అధికారం ఉంది. ఎన్ని పిట్టలైనా సరే అని రాయలేదు, ఇన్నే అని కూడా రాయలేదు.

బూడిదరొమ్ములు పద్దెనిమిది, చుక్కలమెడలు పదిహేను, తెల్లంచులు ఇరవై ఒకటి. మొత్తం యాభై నాలుగు ఫారాలు. ఫారానికి పదకొండు గళ్లు. చివరి గడి ‘కారణం’. యాభై నాలుగుసార్లు ఒకటే రాశాను: నా పొరపాటు.

కనకవ్వ పక్కన కూర్చుని ఉంగరాల నంబర్లు చదివింది. మధ్యలో ఒకసారి ఆగింది.

“గిట్ల జేస్తే మీకేమైతది?”

“ఏమవుతుందో నియమావళిలో ఉంది. ఆ భాగం నేను రాయలేదు.”

రోజు 20

ఉదయం ఎనిమిదిన్నరకు ఉంగరాల్లో పేర్లు మారాయి. కనకవ్వ నాలుగో కొట్టం తలుపూ మొదటి కొట్టం తలుపూ ఒకేసారి తెరిచింది. గాలి ఊదలేదు. తర్వాత ఐదూ రెండూ, ఆరూ మూడూ అలాగే.

సంబరంగా ఉంటుందనుకున్నాను. యుద్ధం జరిగింది. పానకం గిన్నెలు తమ సొత్తని గాజుకంఠులకు పుట్టినప్పటినుంచీ నమ్మకం. ఆడవాటిని ఒక్క చుక్క తాగనివ్వలేదు. ఛాతీలు గుద్దుకుంటూ, ముక్కులతో పొడుస్తూ తరిమాయి. మధ్యాహ్నానికి రెండు ఆడపిట్టలు నేలమీద చచ్చి పడి ఉన్నాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని, యాభై నాలుగు ఫారాలూ చించేద్దామా అని అడిగాను.

“ఆగుండ్రి జర” అని కనకవ్వ గిన్నెలన్నీ విప్పేసింది. ఒకదానికొకటి కనపడకుండా ఆకుల చాటున, మూలల్లో, స్తంభాల వెనక కట్టింది. పుంజు ఒక గిన్నెకు కాపలా ఉంటే పెట్ట ఇంకోదాని దగ్గరికి పోతుంది. సాయంత్రానికి గొడవ సగమైంది.

పందొమ్మిదేళ్ల అనుభవం ఉన్నది నాకేనని మంజూరు కాగితాల్లో ఉంది.

రోజు 21

ఇరవై నాలుగు. ఏడువందల పధ్నాలుగు. పురోగతి గురించి శాఖే చెప్పాలి.

నాలుగు, ఐదు, ఆరు కొట్టాల్లో పిట్టల సంఖ్య సున్నా అని ఈ ఉదయం యంత్రం గమనించింది. సున్నా అంటే నాశనం. మనిషెవరూ వేలు పెట్టకుండానే ప్రకటన వెళ్లిపోయింది: బూడిదరొమ్ము, చుక్కలమెడ, తెల్లంచు జాతులు అంతరించాయి. నగరంలో రెండు నిమిషాలు మౌనం పాటించారట. బడుల్లో పిల్లలు ఏడ్చారట. ఆ సమయానికి ఒక తెల్లంచు నా జుట్టులో పోగులు పీక్కుంటోంది.

పరాంకుశం గారు ఫోన్ చేశారు. “ఒకే రోజున మూడు జాతులు. శాఖ చరిత్రలో లేదు. మీ మీద విచారణ తప్పదు.”

“పిట్టలన్నీ ఉన్నాయి సార్. లెక్క చూడండి.”

“పిట్టలున్నాయా లేవా అన్నది కాదు ప్రశ్న” అన్నారు.

రోజు 26

ఇరవై ఐదు. ఏడువందల పధ్నాలుగు. పురోగతి.

కొట్టాల్లో సాలెగూడు కనిపిస్తే జరిమానా అని నేనే రాశాను. పరిశుభ్రత కోసం. ఇవాళ కనకవ్వ సామాను గది వెనక ఒక మూల చూపించింది. నిండా సాలెపురుగులు, ఏళ్ల తరబడి పెంచినవి.

“గూడు అల్లాల్నంటే పెట్టకు సాలెదారం గావాలె. లేకుంటే ఆకుకు అంటదు. పాపం ఉత్త గుడ్లకైనా గూడు అల్లుకునేటియి. రోజూ ఇంత తెచ్చి ఏసేదాన్ని.”

ఇద్దరం చీపురుపుల్లలకు సాలెదారం చుట్టుకుని మూడు కొట్టాల్లోనూ వేలాడదీశాం.

రోజు 31

ఇరవై ఐదు. ఏడువందల పధ్నాలుగు. మొదటి కొట్టంలో గూడు, నిమ్మకాయలో సగమంత. అందులో రెండు గుడ్లు, కాఫీగింజలంత. కనకవ్వ ఒకదాన్ని సూర్యుడికి ఎదురుగా పట్టుకుని చూసింది. లోపల సన్నటి ఎర్రదారాలు.

నా చేతికిచ్చింది. చూశాను. తిరిగి ఇచ్చాను. ఆమె దాన్ని మళ్లీ గూట్లో పెట్టింది. పురోగతి.

రోజు 36

విచారణ సంఘం వచ్చింది, ముగ్గురు. ఊదుడుగదిలో తుమ్ముతూ పావుగంట గడిపారు. తర్వాత ఖాళీగా ఉన్న నాలుగో కొట్టంలో నిలబడి, టోపీలు తీసి బాధపడ్డారు.

మొదటి కొట్టంలో గూళ్లు చూపించాను, ఇప్పుడు తొమ్మిది. “ఇవి ఏ జాతి గుడ్లు?” అని అడిగారు.

“గాజుకంఠి.”

“గాజుకంఠి గుడ్లు పెట్టడం ఇదే మొదటిసారి. ఎలా సాధ్యమైంది?”

పక్కనున్న కనకవ్వ చెప్పింది. “ఆడదాన్ని మొగదాన్ని ఒక్కకాడ ఏసినం సారూ.”

ముగ్గురూ రాసుకున్నారు. సాయంత్రానికి ముసాయిదా తయారైంది. గాజుకంఠి సంతానాభివృద్ధి డైరెక్టర్ గారి దూరదృష్టి వల్ల. మూడు జాతుల నాశనం నా నిర్లక్ష్యం వల్ల.

రోజు 41

తీర్పు వచ్చింది. డాక్టర్ పట్టా రద్దు, పెన్షన్ రద్దు. ఐదో తరగతి పాఠంలో నా పేరు ఉంటుంది, కాకపోతే పాఠం మారుతుంది. ఉద్యోగం పూర్తిగా తీసేస్తే ఏడుగుట్టలకు మనిషి కావాలి, ఎవరూ రామంటున్నారు. కనుక దిగువస్థాయి సహాయకురాలిగా ఇక్కడే ఉండాలి. విధులు: గిన్నెలు కడుగుట, పానకం నింపుట, ఇతరములు.

గోడమీది నా ఫొటో తీసేయమన్న ఆదేశం కూడా ఉంది. తీసేసే విధి ‘ఇతరముల’ కింద నాదే.

రోజు 43

రాజమల్లు ఈ ఉదయం తొమ్మిదింటికి చనిపోయాడు. నేను పక్కనే ఉన్నాను. కనకవ్వ ఆయన వీపు నిమురుతూ కూర్చుంది. చుక్కలు సీసాలో మూడు మిగిలాయి. ఇంకో పూట ఉన్నా చాలేవి కావు. కొత్త గింజలు కోతకు రావాలంటే వచ్చే ఏడాది మాట. ఈ పిట్టలు పన్నెండేళ్ల కిందట కలిసి ఉంటే ఆయన ఇవాళ టీ తాగుతూ నా మీద జోకు వేసేవాడు, ఊపిరి కోసం ఆగకుండా.

కొట్టాల పని మొత్తం నేనే చేశాను. తెల్లవారుజామున మూడు పిట్టల్ని వేడి చేయలేక పోగొట్టుకున్నాను. ఊదడం నాకింకా రాదు.

రోజు 47

మొదటి గూట్లో పిల్లలు. రెండు. ఒంటిమీద ఈక లేదు, కళ్లు లేవు, నోరు మాత్రం ఉంది.

కనకవ్వ నాలుగు రోజుల తర్వాత ఇవాళే పనిలోకి వచ్చింది. పిలిచాను. బల్ల ఎక్కి చూసింది. తల్లిపిట్ట ఆమె చెవి పక్కనుంచి దూసుకొచ్చి, గూటి అంచున వాలి, ఒకదాని నోట్లో ముక్కు మొత్తం దించింది. తర్వాత రెండోదాని నోట్లో. కనకవ్వ అది ఎగిరిపోయేదాకా చూసి, మెల్లగా బల్ల దిగింది.

ఏదో అనాలనిపించింది. “కనకవ్వా, నా వల్ల...”

“పిల్లలొచ్చినయి. మంచిదే” అంది. నా వైపు చూడలేదు. “నా మనిషి రాడు. దీనికి దానికి లెక్క సరిపోయిందని ఎన్నడు అనకుండ్రి నాతోని.”

“అనను.”

కొంగుతో ముఖం తుడుచుకుంది. కొట్టం చుట్టూ చూసింది, గిన్నెల్ని లెక్కపెడుతున్నట్టు.

“మూడో కొట్టంల గిన్నెలు కడిగినవా?”

ఇన్ని రోజుల్లో ఆమె నన్ను నువ్వు అనడం అదే మొదలు.

“లేదు.”

“కడుగు పో. ఎండెక్కితే పానకం పులుస్తది.”

వెళ్లి కడిగాను.